బండ్లు చాలు, నడిపే మనుషులు కావాలి
శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



ఉద్దానం ప్రాంతానికి ఏదైనా మంచి చేయాలనుకున్నవాళ్లకి ముందుగా గుర్తొచ్చేది అంబులెన్సు. హైదరాబాదులో స్థిరపడ్డ మా ఊరివాళ్లు, గల్ఫ్‌లో కష్టపడి నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు, పలాస జీడి వ్యాపారులు, చందాలు పోగేసే యువజన సంఘాలు అందరూ ఇచ్చేది అదే. కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, తాళాలు ఊరి చేతికి ఇస్తారు. వాళ్ల మనసుని నేను తప్పుపట్టను. ఆ బండ్లే లేకపోతే కొందరు ఇవాళ మన మధ్య ఉండేవారు కాదు. అయితే పలాస, టెక్కలి, సోంపేట, కవిటి వైపు ఇలా వచ్చిన బండ్లలో ఎన్ని రోడ్డు మీద తిరుగుతున్నాయో, ఎన్ని స్కూలు ప్రహరీ పక్కన టైర్లు కుంగి నిలబడ్డాయో మీరు ఒక్కసారి లెక్క తీయించండి. నేను చూసినంతలో ఇంజను పాడై ఆగినవి తక్కువ. నడిపేవాడు వలసపోయి ఆగినవి, ఇన్సూరెన్సు కట్టే దిక్కులేక, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు దాటిపోయి ఆగినవి ఎక్కువ.

వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరి బండికి డ్యూటీలు వేసే పని నాది. ఎవరు ఏ రాత్రి ఉండాలి, డీజిలు ఎవరి దగ్గర అప్పు పెట్టాలి, ఏ రోగిని ఎన్ని గంటలకి ఎక్కించుకోవాలి, ఇవన్నీ రాసుకునే పుస్తకం నా దగ్గరే ఉంటుంది. మాకు ఇంకో బండి ఇప్పించమని రాయడం లేదు. ఉన్న బండి మీద మనిషిని నిలబెట్టే ఏర్పాటు చేయమని అడగడానికే రాస్తున్నాను.

మా బండి ఏం పని చేస్తుందో ముందు చెప్పాలి. అంబులెన్సు అనగానే సైరను, రక్తం, పరుగు గుర్తొస్తాయి. ఉద్దానంలో అవి కొద్దిపాటే. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏడు మండలాల్లో మూడు దశాబ్దాలకు పైగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేల్చినవాళ్లు లేరు. 2017 తర్వాత దేశమంతా మావైపు చూసింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకానికి 700 కోట్ల రూపాయలు కేటాయించారు. డయాలసిస్ పడకలు పెరిగాయి. ఇదంతా ఎంతో మేలు చేసింది, కాదనను. కానీ ఇంటికీ ఆ పడకకీ మధ్య ఉన్న రోడ్డు సంగతి ఎవరి ఫైల్లోనూ లేదు.

డయాలసిస్ రోగి వారానికి మూడుసార్లు యంత్రం మీద పడుకోవాలి. ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ కలిపితే వారానికి ఆరు ప్రయాణాలు, ఏడాదికి 312. ఇది ఒక్క రోగి లెక్క. ఒక ఊళ్లో అలాంటివాళ్లు నలుగురైదుగురు ఉండటం మాకు కొత్తేమీ కాదు. వెళ్లేటప్పుడు ఒంట్లో నీరు చేరి ఆయాసంతో వెళ్తారు, వచ్చేటప్పుడు బీపీ పడిపోయి కాళ్లు తేలిపోతుంటే వస్తారు. బస్సు దిగి జీడితోటల్లోంచి ఇంటికి నడవడం వాళ్ల వల్ల కాదు. బైకు మీద వెనక కూర్చోబెడితే ఎక్కడ తూలి పడతారోనని భయం. ప్రభుత్వం నెలకి ఇచ్చే 10 వేల పింఛనులో ఆటో కిరాయికి ఎంత పోతుందో పలాస డయాలసిస్ కేంద్రం బయట వేచి ఉన్న ఏ భార్యని అడిగినా చెబుతుంది.

దీనికి 108 ఉంది కదా అంటారు. 108 మీద నాకు గౌరవం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎంఆర్ఐ ఆ సేవ మొదలుపెట్టినప్పటి నుంచి అది ఎన్ని ఇళ్లలో దీపం ఆరకుండా కాపాడిందో చెప్పలేం. కానీ అది అత్యవసరానికి పుట్టిన సేవ. సోమ, బుధ, శుక్రవారాల్లో తెల్లారి ఐదు గంటలకి ఒకే ఇంటి ముందు ఆగడానికి దాన్ని కట్టిపడేస్తే, అదే సమయానికి జాతీయ రహదారి మీద లారీ గుద్దినవాడికి బండి దొరకదు. అందుకే ఆ పని ఊరి బండ్ల మీద పడింది. ప్రభుత్వానికి ఇలాంటి అవసరం అర్థంకానిదేం కాదు. కాన్పయిన తల్లినీ పసిబిడ్డనీ ఇంటి దగ్గర దించడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ పెట్టింది. అది అత్యవసరం కాదు, అయినా అవసరమని గుర్తించింది. యంత్రం మీంచి లేచిన మనిషిని ఇంట్లో దించడం కూడా అలాంటి అవసరమే.

ఇక మనుషుల సంగతి. ఊళ్లో బండి వచ్చిన కొత్తలో డ్యూటీకి పోటీ పడతారు. ఇంటర్ చదివి ఆర్మీ సెలక్షన్లకి పొద్దున్నే పరిగెత్తే కుర్రాళ్లు, ఐటీఐ అయ్యి ఖాళీగా ఉన్నవాళ్లు, జీడి ఫ్యాక్టరీలో పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లు అందరూ పేర్లిస్తారు. ఆరు నెలలు గడిచేసరికి పుస్తకంలో పేర్లు ఉంటాయి, ఊళ్లో మనుషులు ఉండరు. ఒకడు హైదరాబాదులో కంపెనీకి వెళ్లిపోతాడు, ఒకడికి సెలక్షన్ వస్తుంది, ఒకడు విశాఖలో ఫిట్టరుగా చేరతాడు. తీరం ఊళ్ల నుంచి వేట సీజను మొదలవగానే వెరావల్ వెళ్లే రైలెక్కుతారు. వాళ్లని ఆపే హక్కు మాకు లేదు. ఇక్కడ కడుపు నిండితే ఎవరూ గుజరాత్ దాకా పోరు. సంక్రాంతికి అందరూ తిరిగొస్తారు, ఆ వారం రోజులు మాకు డ్యూటీకి మనుషులు ఎక్కువవుతారు. పండగ వెళ్లిన మర్నాటి నుంచి మళ్లీ ఇద్దరో ముగ్గురో మిగులుతాం.

ఆ మిగిలినవాళ్లలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడనుకోండి. అతను రాత్రి రెండింటికి లేచి గుండెనొప్పి మనిషిని టెక్కలి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్తాడు. అక్కడ చూసి శ్రీకాకుళం రిమ్స్‌కి రాస్తారు. రిమ్స్‌లో చూసి విశాఖ కేజీహెచ్ అంటారు. పలాస నుంచి శ్రీకాకుళం దాదాపు 75 కిలోమీటర్లు, విశాఖ 180 పైనే. అతను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ రోజు ఆటో బయటకి తీయలేదు, ఆ రోజు కూలి రాలేదు. ఇలా నెలలో నాలుగుసార్లు జరిగితే ఇంట్లో ఇల్లాలు అడుగుతుంది. అడగడం న్యాయం. సేవ అనే మాట చెప్పి పేదవాడి కూలిని మనం వాడుకుంటున్నామా అని నాకు చాలాసార్లు అనిపించింది. స్వచ్ఛంద సేవ అంటే రోగి దగ్గర డబ్బు తీసుకోకపోవడం. డ్రైవరుకి డబ్బు ఇవ్వకపోవడం కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే మా బండ్లు ఆగిపోతున్నాయి.

కరాచీలో అబ్దుల్ సత్తార్ ఈదీ నిలబెట్టిన అంబులెన్సు సేవ ప్రపంచంలోనే పేరున్నది. ఆయన 2016లో కన్నుమూశాక కూడా అది నడుస్తోంది. అది జనం ఇచ్చిన విరాళాలతో నడిచే సేవే, కానీ బండి నడిపేవాడికి జీతం ఉంది. మన దేశంలో జల్పాయిగుడి తేయాకు తోట కార్మికుడు కరీముల్ హక్ తన బైకునే అంబులెన్సుగా మార్చి రోగుల్ని మోశాడు, 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆయనకి చేతులెత్తి మొక్కాలి. అయినా ఒక జిల్లా తన రోగుల్ని కరీముల్ హక్ లాంటివాడు పుడతాడన్న ఆశ మీద వదిలేయకూడదు. అమెరికాలో పల్లెల్లో తరతరాలుగా స్వచ్ఛంద అంబులెన్సులే దిక్కు. అక్కడ కూడా యువకులు పట్నాలకి వెళ్లిపోయి, మిగిలినవాళ్లు ముసలివాళ్లై, చాలాచోట్ల ఆ సేవలు మూతపడుతున్నాయి. అంత డబ్బున్న దేశంలోనే మంచితనం మీద మాత్రమే ఆధారపడ్డ సేవ నిలవనప్పుడు, వలసే బతుకైన ఉద్దానంలో ఎలా నిలుస్తుంది?

పక్కన కూర్చునే మనిషి సంగతి ఇంకో మెట్టు కష్టం. డయాలసిస్ రోగికి చేతిలో ఫిస్టులా ఉంటుంది. సూది గుచ్చడానికి వీలుగా రక్తనాళాల్ని కలిపి చేసిన చోటు అది. మీద చెయ్యి వేస్తే లోపల రక్తం ఝుమ్మని తిరగడం వేళ్లకి తెలుస్తుంది. ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు, ఆ చేతికి బీపీ పట్టా చుట్టకూడదు, దాని మీద బరువు పడనివ్వకూడదు. అది మూసుకుపోతే రోగికి మళ్లీ ఆపరేషను. మనవాళ్లకి ప్రేమ ఎక్కువ, పడిపోతున్న మనిషిని చూస్తే దొరికిన చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. అలాగే ఎండలో కళ్లు తిరుగుతున్నాయంటే మా వైపు ఎవరైనా చేసే మొదటి పని చెట్టెక్కి బొండాం దించి తాగించడం. కిడ్నీ పనిచేయని మనిషికి కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె ఆగిపోయేంత ప్రమాదం. చుట్టూ కొబ్బరితోటలున్న మా ఊళ్లలో ఈ ఒక్క మాట ప్రతి బండి మనిషికీ నేర్పాలి. ఎవరు నేర్పుతున్నారు? ఒక నర్సమ్మ గారు తన డ్యూటీ అయ్యాక ఆగి మాకు చెప్పబట్టి మాకు తెలిసింది. ఆమె బదిలీ అయ్యాక చేరిన కుర్రాళ్లకి మేమే మాకు గుర్తున్నంత చెబుతున్నాం. ఆడవాళ్లని తీసుకెళ్లేటప్పుడు పక్కన ఆడమనిషి ఉండాలి. ఆశ కార్యకర్తకి వీలైతే వస్తుంది, ఆమెకి సవాలక్ష పనులు.

మనిషి లేకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. 2020 జూన్‌లో పలాసలో ఒక పెద్దాయన చనిపోతే, కరోనా అని తేలాక మృతదేహాన్ని జేసీబీ తొట్టెలో వేసి తీసుకెళ్లారు. మున్సిపల్ కమిషనర్‌ని సస్పెండ్ చేశారు. ఆ ఫొటో చూసి దేశం మొత్తం సిగ్గుపడింది. ఆ రోజు పలాసలో బండ్లు లేకనా? బండి దగ్గరకి, ఆ శరీరం దగ్గరకి భయపడకుండా వెళ్లగల శిక్షణ పొందిన నలుగురు మనుషులు లేక. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మందస మండలానికి చెందిన ఒక తల్లి మృతదేహాన్ని కొడుకూ అల్లుడూ బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఊరికి చేర్చుకున్నారు. ఆ ఇద్దరి మొహాలు నేను మర్చిపోలేను.

మనుషులు నిలబడితే ఏమవుతుందో కూడా చూశాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూకటివేళ్లతో లేచి రోడ్ల మీద పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. 108కి ఫోను చేయాలంటే ముందు సిగ్నలు ఉండాలి కదా. ఆ రోజుల్లో రోగిని బయటకి చేర్చింది గొడ్డళ్లు పట్టుకుని చెట్లు నరుక్కుంటూ ముందు నడిచిన కుర్రాళ్లే. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి ఆలయంలో ఏకాదశి రోజు తొక్కిసలాటలో తొమ్మిదిమంది చనిపోయారు. తొక్కిసలాటలో ఊపిరాడని మనిషికి ఉండే గడువు నిమిషాలే. ఎంత వేగంగా వచ్చే అంబులెన్సయినా ఆ నిమిషాల తర్వాతే వస్తుంది. పక్కనున్నవాడికి ఛాతీ మీద ఎలా నొక్కాలో, ఎంత లోతుగా నొక్కాలో తెలిసి ఉండాలి. ఊరికి పదిమందికి అది నేర్పడానికి కోట్లు అక్కర్లేదు.

నిర్వహణలో మా లోపాలూ ఉన్నాయి, దాచను. చందాల లెక్క ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర సంఘాలు చీలిపోయాయి. బండి మీద పేరు ఎవరిది ఉండాలన్న దగ్గర ఊళ్లు చీలిపోయాయి. ఒక పార్టీ వాళ్లు ఇచ్చిన బండి ఇంకో పార్టీ వీధిలోకి రాదన్న పుకారు పుడితే, ఆ వీధి రోగి ఫోను చేయడానికే జంకుతాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇలాంటి జంకు ఉండటం కంటే ఘోరం లేదు. ఊరి మనుషులు దీన్ని తమంతట తాము పరిష్కరించుకోలేరు, పైన అందరూ నమ్మే ఒక కుర్చీ కావాలి.

ఆ కుర్చీ మీది. ఎంపీ నిధులతో అంబులెన్సు కొనే ఫైలు మీ దగ్గరికే వస్తుంది. ఆ నిధులతో బండి కొనొచ్చు, డ్రైవరు జీతానికీ డీజిలుకీ పైసా వాడకూడదన్నది నిబంధన. దాతల పద్ధతీ కంపెనీల పద్ధతీ కూడా అదే. అందరూ వస్తువు ఇస్తారు, నెలనెలా అయ్యే ఖర్చు ఎవరూ ఎత్తుకోరు. ఈ ఖాళీని పూడ్చగలిగింది జిల్లా యంత్రాంగమే. జిల్లా రెడ్‌క్రాస్ శాఖకి అధ్యక్షులు మీరే. శ్రీకాకుళం రెడ్‌క్రాస్ రక్తనిధి అంటే ఏ పార్టీవాడైనా, ఏ ఊరివాడైనా నమ్ముతాడు. మా బండ్లన్నిటినీ ఆ గొడుగు కిందకి తీసుకురండి. ఇకపై దాత ఎవరైనా బండి ఇస్తానంటే, మూడేళ్ల డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు కూడా రెడ్‌క్రాస్ ఖాతాలో జమచేస్తేనే తీసుకుంటామని చెప్పండి. దాతలు బాధపడతారని కొందరంటారు. నాకలా అనిపించదు. తాము ఇచ్చిన బండి తుప్పు పట్టి ఉంటే చూసి బాధపడ్డ దాతలు నాకు తెలుసు. కొత్త బండికి పెట్టే డబ్బుతో పాత బండి మీద ఒక మనిషిని ఏళ్ల తరబడి నిలబెట్టవచ్చని ఎవరైనా వివరించి చెబితే వాళ్లు వింటారు.

పలాసకి ఒకటి, టెక్కలికి ఒకటి చొప్పున జీతం మీద పనిచేసే డ్రైవర్ల బృందం ఉంటే చాలు. ఏ ఊరి కుర్రాడు వలస వెళ్లినా, ఆ ఊరి బండి తాళం ఆ బృందంలో ఒకడు అందుకుంటాడు. వాళ్లకి ఎనిమిది గంటల డ్యూటీ పెట్టండి. 108లో పైలట్లు అనే డ్రైవర్లు, ఈఎంటీలు అనే వైద్య సహాయకులు 12 గంటల డ్యూటీల మీద, జీతాల బకాయిల మీద ఎన్నిసార్లు రోడ్డెక్కారో మనకు తెలుసు. ఆ సేవని నడిపే సంస్థలు జీవీకే, బీవీజీ, అరబిందో ఇలా మారుతూ వచ్చినా బండిలో ఉన్న మనిషి గోడు అలాగే ఉంది. చిన్న సేవలో ఆ తప్పు మళ్లీ జరగనివ్వకండి. నిద్రలేని డ్రైవరు చేతిలో రోగిని పెట్టడం కంటే బండి ఆపేయడమే మేలు.

శిక్షణ గురించి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఆపద మిత్ర పథకంలో 12 రోజుల శిక్షణ, బీమా, ఒక కిట్టు ఇచ్చింది. దేశంలో 350 జిల్లాల్లో లక్షమందిని తయారుచేయాలని పెట్టుకున్న పథకం అది. మా బండి మనుషులకి అలాంటి శిక్షణే ఇప్పించండి, దానికి పలాస కిడ్నీ ఆసుపత్రిలో రెండు రోజులు కలపండి. ఫిస్టులా చెయ్యి ఎలా చూసుకోవాలో అక్కడి నర్సులకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. బీమా మాట మాత్రం గట్టిగా అడుగుతున్నాను. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లని ఆదుకున్నవాళ్ల మీద కేసులు పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షను చేర్చారు. మా రోగులు రోడ్డు ప్రమాదం బాధితులు కారు. దారిలో డయాలసిస్ రోగి ప్రాణం పోతే బంధువుల దుఃఖం కోపంగా మారి మా కుర్రాడి మీద పడితే, అతనికి అండగా నిలిచే కాగితం ఏదీ లేదు. ఒక ఊళ్లో అలాంటి గొడవ జరిగిందని తెలిస్తే చుట్టుపక్కల పది ఊళ్లలో పేర్లు వెనక్కి తీసుకుంటారు.

ఇంకొకటి. మా బండి ఎక్కడుందో 108కి తెలియదు, 108 ఎక్కడుందో మాకు తెలియదు. ఒకే ఇంటి ముందు రెండూ ఆగిన రోజులున్నాయి, రెండూ రాని రోజులూ ఉన్నాయి. జాతీయ ప్రమాణాల్లో అంబులెన్సులు నాలుగు రకాలు. మాది రోగిని చేరవేసే మామూలు రకం, గుండె ఆగిన మనిషికి అది చాలదు. ఆ కాల్ మాకొస్తే మేం బయల్దేరుతూనే 108కి అప్పజెప్పే దారి ఉండాలి. డయాలసిస్ కాల్ వాళ్లకి వెళ్తే అది మాకు రావాలి. దీనికి పలాసలో ఒక టేబులు, ఒక ఫోను, రాసుకునే ఒక మనిషి చాలు. ఆ మనిషికి జీతం ఇవ్వండి. నేను చేస్తున్న పని అదే కాబట్టి ఇది నా కోసం అడుగుతున్నానని ఎవరైనా అనుకుంటే, ఆ ఉద్యోగం నాకు వద్దని ఇక్కడే రాసిస్తున్నాను. డయాలసిస్ రోగి ఇంట్లోంచి వచ్చిన ఒక ఆడపిల్లకి ఇవ్వండి. అలాంటి ఇళ్లలో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు, ఆ ఫోను విలువ వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఏటా అక్టోబరు వస్తే సముద్రం వైపు చూస్తూ ఉండే ప్రాంతం మాది. ఈసారి ఆ నెల రాకముందే పలాసలో ఒక సమావేశం పెట్టండి. ఊరి బండ్లు నడిపేవాళ్లని, 108 సిబ్బందిని, రెడ్‌క్రాస్ వాళ్లని, డయాలసిస్ నర్సుల్ని, రవాణా శాఖ వాళ్లని ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఆగిపోయిన ప్రతి బండినీ ఏ ఊరిదో, ఏ కాగితం గడువు దాటిందో, ఎంత ఖర్చుతో లేస్తుందో ఆ రోజే రాయించండి. నా పుస్తకం నేను తెస్తాను, మిగతా ఊళ్లవాళ్లూ తెస్తారు.

ఒక్క మనవి. సమావేశం ఉదయం పదకొండు తర్వాత పెట్టండి. అంతకు ముందు మా డ్రైవర్లు డయాలసిస్ మొదటి షిఫ్టువాళ్లని ఇళ్ల దగ్గర దించి, రెండో షిఫ్టువాళ్లని ఎక్కించుకొచ్చే పనిలో ఉంటారు.

ఇట్లు,
వజ్రపుకొత్తూరు మండలం నుంచి
ఊరి అంబులెన్సుకి డ్యూటీలు వేసే ఒక కార్యకర్త